మూడు రోజుల నాటకాలు పెట్టాలంటే: మొదటి ఏడాది పోటీ జోలికి పోకండి

తమ్ముడూ, మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ ఊరి కుర్రాళ్ళంతా కమిటీగా ఏర్పడ్డారు, సంక్రాంతికి జూనియర్ కాలేజీ గ్రౌండ్‌లో మూడు రోజులు రాష్ట్రస్థాయి నాటిక పోటీలు పెడదామనుకుంటున్నారు, రోజుకి నాలుగు చొప్పున 12 నాటికలు, చందాలు ఆరు లక్షల దాకా వచ్చేలా ఉన్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి అని. నేను గుంటూరు వైపు పరిషత్తుల్లో, అంటే నాటిక పోటీలు పెట్టే సంస్థల్లో, తెర లాగడం దగ్గర్నుంచి ప్రోగ్రాం వేయడం దాకా అన్నీ చేసినవాణ్ణి, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తా.

అసలు మాట ముందే చెప్పేస్తున్నా, మొదటి ఏడాది పోటీ పెట్టకండి. 12 కూడా వద్దు. ఐదారు ప్రదర్శనలు మీరే చూసి, ఎంచుకుని, పిలిచి, బాగా డబ్బులిచ్చి వేయించండి.

మన దగ్గర నాటకాల పండగంటే పోటీయే అన్న అలవాటు ఇవాళ్టిది కాదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది, తర్వాత తర్వాత ఊరూరా పరిషత్తులొచ్చాయి, 1998 నుంచి ప్రభుత్వం కూడా నంది నాటకోత్సవాలని పోటీయే పెట్టింది. మంచి జరగలేదని నేను అనను. పల్లెకోన, లింగారావుపాలెం, వీరవాసరం, రావులపాలెం లాంటి చోట్ల ఇప్పటికీ జనం కూర్చుని నాటకం చూస్తున్నారంటే ఆ పోటీల పుణ్యమే. కానీ పోటీ పెట్టగానే ఏమవుతుందంటే మీ బుర్ర మొత్తం ఎంట్రీలు, స్క్రూటినీ, జడ్జీలు, మార్కులు, షీల్డులు, ఫలానావాళ్ళకి ఎందుకిచ్చారు అనే గొడవలు, వీటి చుట్టూనే తిరుగుతుంది, ఆ సాయంత్రం ఊళ్ళోంచి వచ్చి కుర్చీలో కూర్చున్న మనిషి ఏం చూస్తాడు, ఎన్నింటికి ఇంటికెళ్తాడు అన్నది ఎవరూ ఆలోచించరు. ఇంకోటి, బహుమతి కోసం రాసే నాటికలన్నీ కొంతకాలానికి ఒకేలా తయారవుతాయి. ముసలి తల్లిదండ్రుల్ని పట్టించుకోని కొడుకు, అప్పులపాలైన రైతు, ఆఖర్లో ఒక పెద్ద డైలాగు, ఒక చావు. విడిగా చూస్తే బాగానే ఉంటాయి, ఒకే రాత్రి వరసగా నాలుగు చూస్తే మూడోదానికి జనం టీ కొట్టు దగ్గర ఉంటారు. మీరే ఎంచుకుంటే ఆ సమస్య మీ చేతిలో ఉంటుంది.

ఎంచుకోవడం అంటే యూట్యూబ్‌లో చూసి కాదు. మీ కమిటీలో ముగ్గురు ఈ సీజన్‌లో దగ్గర్లో జరిగే పరిషత్తులకి వెళ్ళి వెనక వరసలో కూర్చోండి. స్టేజిని సగంసేపు, జనాన్ని సగంసేపు చూడండి. ఎక్కడ నవ్వారు, ఎక్కడ ఫోన్ తీశారు, ఏ సీన్ దగ్గర పిల్లాణ్ణి తీసుకుని లేచిపోయారు, రాసుకోండి. బహుమతి ఎవరికొచ్చిందో పట్టించుకోకండి. అయిపోయాక గ్రీన్ రూమ్ దగ్గరికి వెళ్ళి దర్శకుడి నంబర్ తీసుకోండి, వాళ్ళకి సెట్టు ఎంత, ఎంతమంది వస్తారు, ఏ వాహనంలో వస్తారు అడగండి. మన నాటక సమాజాల్లో ఎక్కువమంది ఉద్యోగస్తులు, టీచర్లు, బ్యాంకులవాళ్ళు, ఎల్ఐసీవాళ్ళు, సెలవు చూసుకుని రావాలి కాబట్టి శుక్ర శని ఆదివారాలు అయితేనే మీరడిగిన టీమ్ దొరుకుతుంది.

బయటవాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. పరిషత్ నాటికల్లో ఆడవేషాలు వేసే నటీమణులు తక్కువమంది, ఒక్కొక్కరు నాలుగైదు సమాజాలకి వేస్తుంటారు, అదే వాళ్ళ జీవనాధారం కూడా. మీరు శనివారం రాత్రికి రెండు నాటికలు ఖాయం చేసుకుంటారు, తీరా చూస్తే రెంటిలోనూ ఆవిడే, మొదటిదాంట్లో తల్లి రెండోదాంట్లో కోడలు, మేకప్ మార్చుకోడానికి టైం లేదు. లేదంటే అదే రాత్రి ఆవిడకి వేరే ఊళ్ళో షో ఉంటుంది. అందుకని టీమ్‌ని ఖాయం చేసేముందే నటీనటుల లిస్టు పేర్లతో సహా తీసుకోండి, లైటింగ్ అతనూ మేకప్ అతనూ ఎవరో కూడా అడగండి, వాళ్ళకీ ఇదే పరిస్థితి.

ఇక సంక్రాంతి. హైదరాబాద్ నుంచి అందరూ ఊరొస్తారు, జనం ఉంటారు అన్నారు, నిజమే, కానీ ఆ మూడు రోజులూ కోడిపందేలు, డీజేలు, కొత్త సినిమాలు, చుట్టాలు, వీటితో నాటిక పోటీపడలేదు. పైగా ఆ రోజుల్లో రాత్రి తొమ్మిదికే మంచు, ముసలివాళ్ళు కూర్చోరు, నాటకానికి అసలు జనం వాళ్ళే. ఉగాది అంటే ఆ ముందూ వెనకా టెన్త్, ఇంటర్ పరీక్షలు, మైకు పెడితే తల్లిదండ్రులే కంప్లైంట్ ఇస్తారు. ఆరుబయట అయితే జనవరి చివర్నుంచి ఫిబ్రవరి మధ్యలోపు వారాంతం నా ఓటు. మే నెలలో పెట్టాలనుకుంటే గాలివానకి సిద్ధంగా ఉండాలి, అప్పుడు హాలు చూసుకోవడమే మంచిది. గ్రౌండ్ మీదే పట్టుబట్టకండి, కల్యాణమండపమైనా సరే గొంతు గింగిర్లు తిరక్కుండా ఉంటే చాలు, ఖాళీ హాల్లో చప్పట్లు కొట్టి చూడండి, ఆ చప్పుడు తిరిగి తిరిగి వినపడుతుంటే ఆ హాలు పెళ్ళికే పనికొస్తుంది.

ఆరుబయట పెడితే టైం మీ ఇష్టం కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్ స్పీకర్ వాడకూడదు, ఆడిటోరియం లాంటి మూసిన చోట్ల లోపల వాడుకోవచ్చు. పండగలకి, సాంస్కృతిక కార్యక్రమాలకి రాష్ట్ర ప్రభుత్వం 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాది మొత్తంలో 15 రోజులకి మించకుండా, ఆ రోజుల్లో మీ రోజులు ఉంటాయని గ్యారంటీ ఏం లేదు. మైకు పర్మిషన్ రాతపూర్వకంగా తీసుకోవాలి. కాబట్టి రోజుకి నాలుగు నాటికలు అన్న లెక్క ఇక్కడే తేలిపోతుంది. నాటిక గంట, సెట్టు మార్చడానికి తక్కువలో తక్కువ 20 నిమిషాలు, నాలుగు వేయాలంటే ఐదింటికే మొదలుపెట్టాలి, ఐదింటికి పొలం నుంచి ఎవడొస్తాడు, ఎండ ఉండగా లైటింగ్ ఏం కనపడుతుంది.

నేను వేసే ప్రోగ్రాం ఇలా ఉంటుంది. ఆరున్నరకి తెర ముందు మీ ఊరి పిల్లలతోనో దగ్గర్లో ఉన్న బుర్రకథ దళంతోనో 20 నిమిషాలు, దీనికి సెట్టు అక్కర్లేదు, పిల్లల తల్లిదండ్రులు కచ్చితంగా టైముకొస్తారు. ఆరు యాభైకి మొదటి నాటిక. ఏడు యాభైకి తెర పడుతుంది, వెనక సెట్టు మారుతుంటే తెర ముందు మీ సభ, సన్మానాలు, దాతలు, అన్నీ ఆ 25 నిమిషాల్లోనే. ఎనిమిదింబావుకి రెండోది, తొమ్మిదింబావుకి అయిపోతుంది. ఇంకా ముప్పావుగంట చేతిలో ఉంది, అది ఎలాగూ ఏదో ఒక ఆలస్యం తినేస్తుంది. సభని సెట్టు మార్చే టైంలో పెట్టడంలో ఇంకో లాభం ఉంది, వెనకనుంచి సుత్తి దెబ్బలు వినపడుతుంటే ఎంత పెద్ద వక్త అయినా తొందరగా ముగిస్తాడు. ఎమ్మెల్యేగారు ఆలస్యంగా వస్తే నాటకం ఆపొద్దు, ఈ మాట ఆయన పీఏకి ముందే మర్యాదగా చెప్పండి, తర్వాత తెర దగ్గర సన్మానం చేస్తాం అని, చాలామంది ఒప్పుకుంటారు. నాకు తెలిసిన ఒక ఊళ్ళో నాటిక క్లైమాక్స్‌లో ఉండగా అతిథి వచ్చారని మైకులో స్వాగతం చెప్పారు, శవం వేషం వేసినతను లేచి కూర్చున్నాడు.

వరస ఎలా వేయాలంటే, మొదటి రాత్రి మీ దగ్గరున్న వాటిలో గొప్పది వేయకండి, నమ్మకమైనది వేయండి, అందరికీ అర్థమయ్యేది, నవ్వించేది ఒకటి. శుక్రవారం వచ్చినవాళ్ళు వెళ్ళి ఇంట్లో చెప్తే శనివారం రెట్టింపవుతారు, మీ బలమైన నాటిక శనివారం రెండోదిగా పడాలి. ఒకే రాత్రి రెండు ఏడుపు నాటికలు వద్దు. తేలికది ముందు, బరువైంది తర్వాత, ఆలస్యంగా వచ్చినవాడు కూడా తేలికదాంట్లో కుదురుకుంటాడు, రెండోది వచ్చేసరికి అందరూ నిశ్శబ్దంగా ఉంటారు. ఆదివారం పద్యనాటకం పెట్టుకోండి, పెద్దవాళ్ళు దానికోసమే వస్తారు, రాయబారం సీను ఒక్కటి చాలు, మొత్తం నాటకం అక్కర్లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, వన్స్ మోర్‌లు పడతాయి, గంట అన్నది గంటన్నర అవుతుంది, దాని తర్వాత ఇంకేదీ పెట్టొద్దు.

సురభివాళ్ళని పిలవాలని ఉంటే మంచి ఆలోచనే, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటకాల కుటుంబం, ఇప్పటికీ ఆ తెరలూ ఆ తీగల మీద ఎగిరే మాయలూ చూస్తే పిల్లలు నోరెళ్ళబెడతారు. కానీ వాళ్ళ సరంజామా అంతా లారీలో వస్తుంది, కట్టుకోడానికి టైం కావాలి, స్టేజి మీద ఎత్తు, లోతు కావాలి, ఆ రోజు ఇంకెవరికీ స్టేజి ఇవ్వలేరు. ఆరు లక్షల్లో అది మొదటి ఏడాది కష్టం, రెండో ఏడాదికి పెట్టుకోండి.

డబ్బు సంగతి. మీ లెక్కలో షీల్డులు, శాలువాలు, ఫ్లెక్సీలు, భోజనాలు కలిపితే సగం బడ్జెట్ అయిపోతోంది, టీముల పారితోషికం ఆఖర్లో మిగిలినంత అని రాశారు. తలకిందులు చేయండి. సగం టీములకి, ఆ తర్వాత సౌండు, లైట్లు, స్టేజి, మిగిలిందాంట్లో మిగతావన్నీ. ఒక నాటిక మీ ఊరొచ్చి ఆడాలంటే వ్యాను కిరాయి, నటీమణుల పారితోషికం, మేకప్, సెట్టు, సంగీతం, లైటింగ్ అతని కూలి, ఇన్నీ పోను దర్శకుడి జేబులోంచి ఖర్చు కాకుండా ఉంటే గొప్ప. 12 మందికి కొంచెం కొంచెం ఇచ్చే బదులు ఐదుగురికి సరిగ్గా ఇవ్వండి. శాలువాల మీద నాకు ప్రత్యేకమైన కోపం ఏం లేదు, కానీ మూడు రోజుల్లో నలభైమందికి కప్పితే ఆ టైంలో ఇంకో నాటిక పడేది.

సౌండు గురించి ఎక్కువ చెప్తా, ఎందుకంటే ఊళ్ళల్లో నాటకం చెడిపోయేది నటన వల్ల కాదు, మైకు వల్ల. మీ ఊరి డీజే అతను పెద్ద పెద్ద బేస్ బాక్సులు తెస్తాడు, అవి గుండెలదిరేలా కొడతాయి, మాట మాత్రం అర్థం కాదు. నాటకానికి కావాల్సింది మాట స్పష్టంగా వినపడటం. స్టేజి ముందు అంచున కింద మూడు నాలుగు ఫ్లోర్ మైకులు, పైనుంచి వేలాడే మైకులు మూడు, ఇది పాత పద్ధతి, సరిగ్గా పెడితే ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. స్పీకర్ బాక్సులు మైకుల కంటే ముందుకి, జనం వైపుకి ఉండాలి, మైకు వెనక బాక్సు పెట్టారా కూత ఖాయం. ఆరుబయట గాలి తగలకుండా మైకులకి ఫోమ్ తొడుగులు వేయించండి. కాలర్ మైకులు బాగుంటాయి అంటారు, నిజమే, కానీ ఎనిమిదిమంది పాత్రలకి ఎనిమిది కావాలి, మిక్సర్ దగ్గర కూర్చున్నతను స్క్రిప్ట్ చూసుకుంటూ ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళది పైకి లేపాలి, లేకపోతే తెర వెనక ఎవడో దగ్గింది కూడా ఊరంతా వింటుంది. అందుకే ఏ పద్ధతైనా మిక్సర్ దగ్గర ఒకే మనిషి మూడు రోజులూ ఉండాలి, పెళ్ళి ఉంది మా తమ్ముణ్ణి పంపిస్తా అంటే ఒప్పుకోకండి. ప్రతి టీమ్‌కి మధ్యాహ్నం 20 నిమిషాలు మైకు చెకింగ్ ఇవ్వండి, అందరూ కలిసి రెండు సీన్లు మాట్లాడితే చాలు. మ్యూజిక్ ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ. ఫోన్‌లోంచి ప్లే చేస్తే చావు సీన్లో రింగ్‌టోన్ మోగుద్ది.

లైట్లకి కరెంటు లెక్క వేసుకోండి. పాత హాలోజన్లు 1000 వాట్లవి 20 పెడితే 20 కిలోవాట్లు, అది కాలేజీ మీటరు మీద వేసే పని కాదు, టెంపరరీ కనెక్షన్ తీసుకోవాలి లేదా సరిపడా జనరేటర్. ఎల్ఈడీ పార్ లైట్లు అయితే నాలుగైదు కిలోవాట్లలో అయిపోతుంది, కానీ రంగులు తిప్పే పార్‌లతో మొహం మీద వెలుగు సరిగ్గా రాదు, మేకప్ బూడిద రంగులో కనపడుతుంది, కాబట్టి మొహాలకి పసుపు వెలుగు ఇచ్చేవి ఆరేడైనా విడిగా పెట్టమనండి. జనరేటర్ కరెంటు పోయాక ఆన్ చేయడానికి కాదు, నాటకం జరుగుతున్నంతసేపూ దాని మీదే నడిపితే నిశ్చింత, కాకపోతే దూరంగా, గాలివాలు చూసి పెట్టండి.

స్టేజి 30 అడుగుల వెడల్పు, 24 అడుగుల లోతు, మూడున్నర నాలుగు అడుగుల ఎత్తు ఉంటే ఏ నాటికైనా పడుతుంది. రెండు పక్కలా వింగ్స్, వెనక నల్ల గుడ్డ, ముందు తెర కచ్చితంగా. దయచేసి స్టేజి వెనక దాతల ఫ్లెక్సీ కట్టకండి. పేదవాడి గుడిసె సీను జరుగుతుంటే వెనకనుంచి ఐదుగురు నాయకులు నమస్కారం పెడుతూ నవ్వుతుంటారు, ఏ దర్శకుడి ప్రాణమైనా పోతుంది. దాతల ఫ్లెక్సీలు గేటు దగ్గర, దారి పొడుగునా కట్టండి, అక్కడే ఎక్కువమంది చూస్తారని దాతలకి చెప్పండి. అలాగే ముందు వరస సోఫాలు. వీఐపీల కోసం వేస్తారు, వాళ్ళు పావుగంట కూర్చుని లేచిపోతారు, తర్వాత రెండు గంటలు నటుడు ఖాళీ సోఫాలకి డైలాగులు చెప్పుకుంటాడు. ముందు చాపలు వేసి పిల్లల్ని కూర్చోబెట్టండి, వెనక కుర్చీలు.

గ్రీన్ రూమ్ ఆడవాళ్ళకి విడిగా, లోపల గడియ పడే తలుపు, దగ్గర్లోనే బాత్రూమ్, అద్దం, అద్దానికి రెండు వైపులా బల్బులు, ఫ్యాను. ఇవేమీ లేకుండా స్టేజి వెనక చీర కట్టి ఇదే రూమ్ అన్న ఊళ్ళు ఉన్నాయి, ఆ ఊళ్ళకి రెండోసారి ఎవరూ వెళ్ళలేదు. టిఫిన్ మేకప్‌కి ముందే పెట్టేయాలి, భోజనం షో అయ్యాక వేడిగా, రాత్రి పదకొండైనా. దూరం నుంచి వచ్చిన ఆడవాళ్ళని అర్ధరాత్రి బస్టాండులో దింపకండి, లాడ్జి గది తీసుకోండి.

రైట్స్ సంగతి మీరు అడగలేదు గానీ చెప్తా. రచయిత పోయాక 60 ఏళ్ళు దాటితే ఆ రచన ఎవరైనా వేసుకోవచ్చు. తిరుపతి వెంకట కవుల్లో చెళ్ళపిళ్ళవారు 1950లో పోయారు, జంట రచనలకి ఆఖరున పోయినవారి నుంచి లెక్క, అంటే రాయబారం సీనున్న వాళ్ళ పాండవోద్యోగ విజయాలకి ఇప్పుడు అడ్డంకి లేదు. కొత్త నాటికలకి మాత్రం రచయిత అనుమతి కాగితం మీద కావాలి, మూలకథ వేరేవాళ్ళదైతే ఆ కథకుడి అనుమతి కూడా, మన నాటికల్లో సగం కథల నుంచి వచ్చినవే కాబట్టి టీమ్‌ని అడిగి కాపీ తీసుకోండి. ఔత్సాహిక సంఘాలు టికెట్ లేకుండా వేసుకుంటే కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో వెసులుబాటు ఉన్నమాట నిజమే, కానీ మీరు పారితోషికం ఇచ్చి పిలుస్తున్నప్పుడు దాన్ని నమ్ముకోకండి. ఫేస్‌బుక్ లైవ్ పెట్టేది పూర్తిగా వేరే లెక్క, టీమ్ ఒప్పుకుంటేనే పెట్టండి. చాలామంది ఒప్పుకోరు, కథ బయటపడితే వచ్చే పరిషత్తులో కొత్తదనం పోతుంది, పైగా వాళ్ళు వాడే సినిమా మ్యూజిక్ వల్ల వీడియో బ్లాక్ అవుద్ది.

టికెట్ పెట్టాలా అంటే ఊళ్ళో పెట్టొద్దు, ఎవరూ కొనరు. టౌన్ హాల్లో పెట్టుకుంటే మనిషికి 500 లోపు నాటకం టికెట్ మీద జీఎస్టీ లేదు. సంఘం ఇప్పుడే సొసైటీస్ చట్టం కింద రిజిస్టర్ చేయించి, లెక్కలు ఆడిట్ చేయించుకుంటూ ఉండండి, కేంద్ర సాంస్కృతిక శాఖ గ్రాంట్లకి కొన్నేళ్ళు నడిచిన సంఘాలనే చూస్తారు, మూడేళ్ళు దాటాక పనికొస్తుంది. పోలీస్, పంచాయతీ, కరెంటు ఆఫీసు, కాలేజీ వాళ్ళ లెటర్, నాలుగూ నెల ముందే. స్టేషన్‌లో ఎవరైనా స్క్రిప్ట్ అడిగితే వాదన పెట్టుకోకుండా ఒక కాపీ ఇచ్చేయండి, 1876 నాటి బ్రిటిష్ వాళ్ళ నాటక ప్రదర్శనల చట్టాన్ని కేంద్రం రద్దు చేసేసింది గానీ అలవాటు పోలేదు.

ఇంత చెప్పినా మీ పెద్దవాళ్ళు పోటీయే కావాలి, షీల్డు ఇవ్వాలి అని పట్టుబడితే, జడ్జీలు ముగ్గురూ వేరే జిల్లావాళ్ళు, ఆ పోటీలో వాళ్ళకి గానీ వాళ్ళ శిష్యులకి గానీ నాటిక ఉండకూడదు, మార్కులు ఏ రాత్రివి ఆ రాత్రే సీల్ చేసి ఇచ్చేయాలి, బస కూడా టీములతో ఒకే లాడ్జిలో వద్దు. వ్యక్తిగత బహుమతులు తగ్గించండి, హాస్యనటుడు, ప్రతినాయకుడు, క్యారెక్టర్ నటుడు, జ్యూరీ, స్పెషల్ జ్యూరీ అని పెంచుకుంటూ పోతే ఆఖరి రాత్రి బహుమతులే గంటన్నర.

పారితోషికం మాత్రం చెక్కు తర్వాత పంపిస్తాం అనకండి, కవర్‌లో పెట్టి మేకప్ తుడుచుకునే లోపు దర్శకుడి చేతిలో పెట్టండి, రసీదు అక్కడే తీసుకోండి. మీ గ్రౌండ్ ఏ దిక్కుకి ఉంది, పక్కన రోడ్డుందా గుడుందా, ఇప్పటికే ఏ టీములతో మాట్లాడారు, అవి కింద రాయండి, వరస ఎలా వేయాలో చూసి చెప్తా.